ఎర్రకి ఎర్ర, నల్లకి నల్ల కలిపినా స్పీకర్ ఉల్టా ఎలా అవుతుంది?

ముందు మీ సమస్య నాకు అర్థమైనట్టు చెప్తాను. ఇంటికి రంగులు వేయించేటప్పుడు 5.1 సిస్టమ్ (ముందు మూడు, వెనక రెండు స్పీకర్లు, ఒక సబ్ ఊఫర్) మొత్తం విప్పారు. పని అయ్యాక ఎలక్ట్రీషియన్ వచ్చి మళ్లీ కలిపి వెళ్లాడు. అప్పటినుంచి పాట పెడితే పాడేవాళ్ల గొంతు రెండు స్పీకర్ల మధ్య నిలబడట్లేదు, గదంతా పరుచుకున్నట్టు ఉంది. సోఫాలో కూర్చుంటే బేస్ లేదు, లేచి వంటగది గుమ్మం దగ్గరికి వెళ్తే ఉంది. సబ్ ఊఫర్ (లోతైన బేస్ పలికే పెట్టె) వెనక ఉన్న ఫేజ్ స్విచ్ 0లో పెట్టినా 180లో పెట్టినా తేడా తెలియట్లేదు. రిసీవర్‌లో (స్పీకర్లని నడిపే యాంప్లిఫయర్) ఆటో సెటప్ చేస్తే, అంటే మైకు పెట్టి స్పీకర్లని కొలిపిస్తే, ఫ్రంట్ లెఫ్ట్‌కీ సెంటర్‌కీ ఫేజ్ ఎర్రర్ వచ్చింది. ఎలక్ట్రీషియన్ మాత్రం రెండు చివర్లా ఎర్రకి ఎర్ర, నల్లకి నల్ల ఉన్నట్టు చూపించి, ఆ మెసేజ్ అందరికీ వచ్చేదేనన్నాడు. ఇప్పుడు ఎవరో స్పీకర్లు విప్పి ట్వీటర్ (సన్నటి శబ్దాలు పలికే చిన్న భాగం) వైర్లు తిప్పమన్నారు. తిప్పాలా అని అడుగుతున్నారు.

తిప్పొద్దండి. స్క్రూడ్రైవర్ పక్కన పెట్టండి. మీరు రాసిన లక్షణాలు చూస్తే లెఫ్ట్ స్పీకర్ నిజంగానే ఉల్టా ఉంది. సెంటర్‌కి వచ్చిన ఎర్రర్ చాలావరకు ఉత్తుత్తిదే అయి ఉంటుంది. సబ్‌లో ఏ లోపమూ లేదు. ఈ మూడూ ఎలా తేల్చుకోవాలో చెప్తాను. రిపేర్ షాపు అక్కర్లేదు. ఒక పెన్సిల్ సెల్, కుదిరితే ఒక మల్టీమీటర్, స్విచ్ మార్చడానికి ఇంట్లో ఒక మనిషి ఉంటే చాలు.

పోలారిటీ వేరు, ఫేజ్ వేరు. మెనూల్లో రెండింటినీ ఫేజ్ అనే రాస్తారు కాబట్టి అందరూ కలిపేస్తారు. పోలారిటీ అంటే ప్లస్, మైనస్ తారుమారవడం. రైట్ స్పీకర్ కోన్ (కదిలి శబ్దం పుట్టించే గరాటు లాంటి పొర) ముందుకు వస్తున్నప్పుడు లెఫ్ట్ కోన్ వెనక్కి పోతుంది. అన్ని ఫ్రీక్వెన్సీల్లోనూ ఒకేలా తిరగబడుతుంది, వైరు మార్చితే పూర్తిగా సరిపోతుంది. ఫేజ్ అంటే ఆలస్యానికి సంబంధించినది. ఒకే శబ్దం ఒక స్పీకర్ నుంచి ముందు, ఇంకో స్పీకర్ నుంచి కాస్త వెనక వస్తే, ఆ తేడా ఒక్కో ఫ్రీక్వెన్సీలో ఒక్కోలా ఉంటుంది. వైరు తిప్పితే అది పోదు. రిసీవర్‌లో స్పీకర్ దూరాలో, డిలే (ఆలస్యం) సెట్టింగో మార్చాలి. అందుకే ఎప్పుడైనా ముందు పోలారిటీ తేల్చుకుని, ఆ తర్వాతే ఫేజ్ జోలికి వెళ్లాలి. మీరు రెండోదానితో మొదలుపెట్టారు కాబట్టి స్విచ్ పని చేయనట్టు అనిపిస్తోంది.

లెఫ్ట్ ఉల్టా ఉంటే బేస్ ఎందుకు పోతుందంటే, పాటల్లో బేస్ దాదాపుగా రెండు చానళ్లలోనూ సమానంగా ఉంటుంది. ఒకే తలుపును ఇద్దరు చెరోవైపు నుంచి తోసినట్టు, ఒక స్పీకర్ గాలిని నెడుతుంటే ఇంకోటి లాగుతుంది. 100 హెర్ట్జ్ శబ్ద తరంగం పొడవు దాదాపు మూడున్నర మీటర్లు. మీ స్పీకర్ల మధ్య దూరం అంతకంటే తక్కువే. పైగా సోఫా రెండింటికీ సమాన దూరంలో ఉంది కాబట్టి సరిగ్గా అక్కడే రెండూ ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. వంటగది గుమ్మం ఒక పక్కకి ఉంది, అక్కడికి ఒక స్పీకర్ దగ్గర, ఇంకోటి దూరం. అందుకని పూర్తిగా కొట్టుకుపోదు. 3000 హెర్ట్జ్‌కి వచ్చేసరికి తరంగం పొడవు పదకొండు సెంటీమీటర్లే. తల కాస్త కదిపితేనే ఒకచోట కలుస్తుంది, ఒకచోట పోతుంది. అందుకే పైస్థాయిలో శబ్దం తగ్గినట్టు అనిపించదు, ఎక్కడినుంచి వస్తోందో తెలియనట్టు అనిపిస్తుంది. గొంతు గదంతా పరుచుకుందని మీరు రాసింది అదే.

రిసీవర్‌లో స్పీకర్లన్నీ స్మాల్, క్రాసోవర్ (లోతైన శబ్దాన్ని స్పీకర్ల నుంచి కోసి సబ్‌కి పంపే హద్దు) 80 హెర్ట్జ్ అని రాశారు. అంటే 80 కింద ఉన్న లోతైన మోత సబ్ నుంచి వస్తూనే ఉంది. మీకు పోయింది దానికి పైనున్న భాగం. డ్రమ్ దెబ్బ, తబలా ఎడమ చేతి గుమ్మనే మోత, మగ గొంతులోని గట్టిదనం, అన్నీ 80 నుంచి 250 మధ్య ఉంటాయి. చాలామంది దీన్ని సబ్ పని చేయట్లేదనుకుని సబ్ వాల్యూమ్ పెంచుతారు. మీరూ పెంచి ఉంటే మళ్లీ పాత చోటికి తెచ్చేయండి.

సబ్ స్విచ్ తేడా చూపకపోవడానికి కారణం కూడా ఇదే. ఆ స్విచ్ ప్రభావం తెలిసేది సబ్, ఫ్రంట్ స్పీకర్లు రెండూ కలిసి పలికే చోట, అంటే 80 హెర్ట్జ్ చుట్టుపక్కల. మీ ఫ్రంట్ రెండూ సరిగ్గా ఆ ప్రాంతంలోనే ఒకదాన్నొకటి చంపుకుంటున్నాయి. 0లో పెడితే సబ్ రైట్‌తో కలుస్తుంది, లెఫ్ట్‌తో తగాదా పడుతుంది. 180లో పెడితే లెఫ్ట్‌తో కలిసి రైట్‌తో తగాదా. రెండు స్థానాల్లోనూ లెక్క ఒకటే.

ఇప్పుడు చెవితో పరీక్ష. రిసీవర్‌ని స్టీరియో మోడ్‌లో పెట్టండి, సెంటర్, సరౌండ్లు పలకకూడదు. ఘంటసాల గారి కాలంలో మన సినిమా పాటల్లో ఎక్కువ భాగం మోనోలోనే రికార్డయ్యాయి కాబట్టి అలాంటి పాత పాట ఒకటి చాలు. మోనో పాటలో రెండు స్పీకర్లకీ వెళ్లేది ఒకే సిగ్నల్. అంతా సరిగ్గా ఉంటే గొంతు టీవీ మధ్యలో ఒక్క బిందువులా నిలబడాలి, సెంటర్ స్పీకరే పలుకుతోందా అని అనుమానం రావాలి. ఉల్టా ఉంటే గొంతు తల లోపలో, చెవుల పక్కనో ఉన్నట్టు ఇబ్బందిగా అనిపిస్తుంది. ఒక జాగ్రత్త: యూట్యూబ్‌లో ఆ పాటలకే కృత్రిమంగా స్టీరియో చేసిన వెర్షన్లు ఉంటాయి. వాటిలో వెడల్పు పుట్టించడానికి ఫేజ్‌తోనే ఆడుకుంటారు, పరీక్షకి పనికిరావు. అనుమానమైతే ఆండ్రాయిడ్ ఫోన్‌లో యాక్సెసిబిలిటీ సెట్టింగ్స్‌లో మోనో ఆడియో ఆన్ చేసి ఏ కొత్త పాటైనా పెట్టండి. పరీక్ష అయ్యాక ఆఫ్ చేయడం మర్చిపోకండి, మళ్లీ అదొక కొత్త సమస్యలా కనిపిస్తుంది.

మీవి బుక్‌షెల్ఫ్ స్పీకర్లే అయితే ఇంకా తిరుగులేని పద్ధతి ఉంది. రెండింటినీ ఎదురెదురుగా, జానెడు దూరంలో పెట్టి అదే మోనో పాట తక్కువ వాల్యూమ్‌లో పెట్టండి. తర్వాత రిసీవర్ ఆపి, ఒక స్పీకర్ వైర్లు తిప్పి మళ్లీ వినండి. ఎలా ఉన్నప్పుడు బేస్ నిండుగా ఉందో అదే సరైనది. తేడా ఎంత పెద్దగా ఉంటుందంటే ఇంట్లో పిల్లలు కూడా చెప్పేస్తారు.

చెవి చెప్పాక సెల్‌తో రూఢి చేసుకుందాం. రిసీవర్ ఆపి ప్లగ్ తీసేయండి. లెఫ్ట్ స్పీకర్ వైర్లు రెండూ రిసీవర్ వెనక నుంచి పూర్తిగా విప్పండి. సెల్ పెట్టేటప్పుడు ఆ వైరు యాంప్లిఫయర్‌కి తగిలి ఉండకూడదు. స్పీకర్ ముందు జాలీ తీసి ఒకరిని ఊఫర్ (బేస్ పలికే పెద్ద కోన్) వైపు చూడమనండి. 1.5 వోల్టుల పెన్సిల్ సెల్ ప్లస్‌ని ఎర్ర వైరుకి, మైనస్‌ని నల్లవైరుకి అరక్షణం తాకించండి. తాకగానే కోన్ బయటికి రావాలి. వదలగానే వెనక్కి పోతుంది, ఆ రెండో కదలిక చూసి కంగారు పడకండి, మొదటిదే లెక్క. రైట్‌కీ అలాగే చేయండి. 9 వోల్టుల బ్యాటరీ వాడొద్దు, అవసరమూ లేదు. చిన్న సరౌండ్ స్పీకర్లలో కదలిక కంటికి ఆనదు, కోన్ మీద వేలి కొస ఆనీ ఆననట్టు పెడితే తెలుస్తుంది. కొన్ని చిన్న స్పీకర్లలో లోపల కెపాసిటర్ సిరీస్‌లో ఉంటుంది, వాటిలో టిక్కుమనే శబ్దం తప్ప కదలిక కనపడదు. వాటికి చెవి పరీక్షే గతి.

ప్లస్ ఇస్తే బయటికి రావడం ఇప్పుడు దాదాపు అందరూ పాటించే పద్ధతే గానీ మొదటినుంచీ అలా లేదు. పాత జేబీఎల్ ప్రొఫెషనల్ డ్రైవర్లలో ఎర్ర టెర్మినల్‌కి ప్లస్ ఇస్తే కోన్ లోపలికి పోయేది. అందుకని లెఫ్ట్, రైట్ రెండూ ఒకే దిక్కుకి కదులుతున్నాయా లేదా అన్నదే అసలు ప్రశ్న. రెండూ కలిసి ఉల్టా ఉంటే వాటి మధ్య తగాదా ఉండదు, సబ్‌తో కలిసే చోట మాత్రం లెక్క మారుతుంది, దాన్ని స్విచ్‌తో సరిచేసుకోవచ్చు. రెండూ ఉల్టా ఉంటే చెవికి తెలుస్తుందా అనే దాని మీద ఆడియో పిచ్చోళ్ల మధ్య యుద్ధాలు జరుగుతుంటాయి, మనం ఆ గొడవలోకి వెళ్లొద్దు.

ఇక ఎలక్ట్రీషియన్ చూపించిన రంగుల సంగతి. అతను అబద్ధం చెప్పలేదు. రెండు చివర్లా రంగులు కలిసే ఉండొచ్చు. కానీ గోడలో, ఫాల్స్ సీలింగ్‌లో పైపు గుండా లాగిన వైరు మధ్యలో అతుకు లేకుండా ఉంటుందని నమ్మకం లేదు. వైరు చాలకపోతే ఇంకో ముక్క కలిపి టేపు చుట్టేస్తారు. రంగులు వేసేటప్పుడు ఆ అతుకు ఊడితే చీకట్లో మళ్లీ కలిపేస్తారు. కొన్ని వైర్లకి అసలు రంగే ఉండదు, ఒక తీగ రాగి రంగు, ఇంకోటి తెల్లగా ఉంటుంది, లేదా ఒకవైపు సన్నటి గీతో, గట్టో ఉంటుంది. ఆ ముక్కని ఎర్ర-నల్ల వైరుకి అతికినప్పుడు ఎవరి లెక్క వాళ్లది.

ఇది తేల్చడానికి మల్టీమీటర్ మంచిది. వైరు రెండు చివర్లూ విప్పేయండి, రిసీవర్ దగ్గరా, స్పీకర్ దగ్గరా. రిసీవర్ చివర సెల్ ప్లస్ ఎర్రకి, మైనస్ నల్లకి పెట్టి పట్టుకోమనండి. స్పీకర్ చివర మీటర్‌ని డీసీ వోల్టుల్లో పెట్టి, ఎర్ర ప్రోబ్ ఎర్రకి, నల్ల ప్రోబ్ నల్లకి తాకించండి. 1.5 చూపిస్తే వైరు బాగుంది. ముందు మైనస్ గుర్తుతో 1.5 చూపిస్తే దారిలో తిరగబడింది. ఏమీ చూపించకపోతే ఎక్కడో తెగింది. తిరగబడిందని తేలితే గోడ పగలగొట్టక్కర్లేదు. ఒక చివర మాత్రమే తిప్పి కలిపి, అక్కడ తెల్ల టేపు అంటించి ‘మధ్యలో మారింది, ఇక్కడ తిప్పాం’ అని రాసి పెట్టండి. రాయకపోతే ఇంకోసారి రంగులేసినప్పుడు ఎవరో పుణ్యాత్ముడు రంగులు సరిచేసి మళ్లీ పాడుచేస్తాడు. కలిపేటప్పుడు తీగలో ఒక్క పోగు కూడా పక్క టెర్మినల్‌కి తగలకుండా మెలిపెట్టండి. పోలారిటీ తప్పైతే శబ్దం పాడవుతుంది, షార్టయితే యాంప్లిఫయరే పోవచ్చు.

ఇదే చోట ఇంకోటి చూడండి. వైరు మిగుల్చుకోవడానికి కొందరు రెండు స్పీకర్లకి కలిపి ఒకే మైనస్ లాగుతారు, మూడు తీగలతో పని కానిచ్చేస్తారు. లోకల్‌గా అసెంబుల్ చేసిన యాంప్లిఫయర్ వాడేవాళ్లు దీన్ని మరీ జాగ్రత్తగా చూసుకోవాలి. టీడీఏ7297, టీపీఏ3116 లాంటి ఐసీలతో చేసిన బోర్డుల్లో స్పీకర్‌కి వెళ్లే రెండు తీగల్లోనూ సిగ్నల్ ఉంటుంది, మైనస్ అనుకునేది గ్రౌండ్ కాదు. అందులో ప్లస్, మైనస్ తిప్పి కలిపితే ప్రమాదం లేదు గానీ, రెండు చానళ్ల మైనస్‌లూ కలిపినా, వాటిని గ్రౌండ్‌కి కలిపినా ఐసీ కాలే ప్రమాదం ఉంది.

ఇప్పుడు సెంటర్. దానికీ సెల్ పరీక్ష చేయండి. కోన్ లెఫ్ట్, రైట్‌ల దిక్కుకే కదిలితే దాని పోలారిటీ బాగున్నట్టే, ఎర్రర్‌ని స్కిప్ చేసి ముందుకు వెళ్లండి. డెనాన్, యమహా లాంటి కంపెనీల మాన్యువల్స్‌లోనే రాసి ఉంటుంది, కనెక్షన్ సరిగ్గా ఉన్నా స్పీకర్ రకాన్ని బట్టి, గదిని బట్టి ఈ మెసేజ్ రావచ్చని. మైకు చూసేది మొదట వచ్చిన శబ్దం పైకి లేచిందా, కిందికి దిగిందా అన్నది మాత్రమే. మీ సెంటర్ టీవీ యూనిట్ అరలో, గాజు పలక కింద ఉందని రాశారు. అరలోంచి తిరిగొచ్చే ప్రతిధ్వని ఒక్కటే చాలు దాన్ని బోల్తా కొట్టించడానికి. ఆ స్పీకర్‌ని అర అంచు దాకా ముందుకు జరిపి మళ్లీ ఆటో సెటప్ చేయండి, మెసేజ్ పోతే పోవచ్చు. పోకపోయినా నష్టం లేదు.

ఇంకో కారణం ట్వీటర్, ఇక్కడే మీ అసలు ప్రశ్నకి జవాబుంది. చాలా స్పీకర్లలో కంపెనీవాళ్లే కావాలని ట్వీటర్‌ని ఉల్టా కలుపుతారు. స్పీకర్ లోపలి క్రాసోవర్ (శబ్దాన్ని ఊఫర్‌కీ ట్వీటర్‌కీ పంచే సర్క్యూట్) ఆక్టేవ్‌కి, అంటే ఫ్రీక్వెన్సీ రెట్టింపైన ప్రతిసారీ, 12 డెసిబెల్స్ చొప్పున కోసే రకమైతే, ఊఫర్‌కి వెళ్లే సిగ్నల్‌కీ ట్వీటర్‌కి వెళ్లే సిగ్నల్‌కీ మధ్య 180 డిగ్రీల తేడా ఆ క్రాసోవర్ వల్లే వచ్చేస్తుంది. ఆ తేడాని సరిచేయడానికి ట్వీటర్‌ని తిప్పి కలుపుతారు. మొదట చెవికి, మైకుకి చేరేది ట్వీటర్ శబ్దమే కాబట్టి రిసీవర్ దాన్ని తప్పుగా అర్థం చేసుకుంటుంది. మెసేజ్ పోవాలని మీరు దాన్ని ‘సరిచేస్తే’ రిసీవర్ సంతోషిస్తుంది, మీ సెంటర్‌లో మాత్రం డైలాగులు స్పష్టంగా ఉండాల్సిన చోట గొయ్యి పడుతుంది. సలహా ఇచ్చిన వాళ్లు మెసేజ్ పోయిందో లేదో చూసి ఉంటారు, విని ఉండరు.

స్పీకర్ విప్పాల్సిన సందర్భం ఒకటే ఉంది. ఊఫర్ చిరిగో, కాయిల్ కాలో రీకోనింగ్ (కొత్త కోన్, కాయిల్ వేయడం) చేయించినప్పుడు. కొత్త కాయిల్ తీగలు తారుమారుగా అతికితే ఊఫర్ మాత్రమే ఉల్టా అవుతుంది, ట్వీటర్ మామూలుగానే ఉంటుంది. అప్పుడు వెనక టెర్మినల్ దగ్గర తిప్పితే బేస్ బాగుపడుతుంది గానీ ట్వీటర్ పాడవుతుంది. అలాంటిచోట లోపల ఊఫర్ తీగలే తిప్పాలి. మీరు రీకోనింగ్ సంగతేమీ రాయలేదు కాబట్టి మీకిది వర్తించదనుకుంటున్నా.

స్పీకర్లన్నీ సరిగ్గా ఉన్నా గొంతు మాత్రం మాయమై సంగీతం ఒక్కటే వినిపిస్తుంటే వైర్ల దగ్గర వెతక్కండి, సోర్స్ దగ్గర చూడండి. ఫోన్ నుంచి 3.5 ఎంఎం పిన్నుతో కలిపినవాళ్లకి ఇది తరచూ వస్తుంది. పిన్ను సగమే దిగి గ్రౌండ్ తగలకపోతే రెండు చానళ్ల తేడా మాత్రమే వినిపిస్తుంది, మధ్యలో ఉండే గొంతు కొట్టుకుపోతుంది. కరావోకే చేసినట్టు ఉంటుంది. రికార్డ్ ప్లేయర్ ఉన్నవాళ్లు కార్ట్రిడ్జ్ (సూది ఉండే భాగం) వెనక నాలుగు తీగలు చూసుకోవాలి. తెలుపు లెఫ్ట్ ప్లస్, నీలం లెఫ్ట్ మైనస్, ఎరుపు రైట్ ప్లస్, ఆకుపచ్చ రైట్ మైనస్. తప్పు సోర్స్‌లో ఉందా, స్పీకర్ దగ్గర ఉందా అన్నది తెలియడానికి ఒక చిట్కా ఉంది. రిసీవర్‌లో డాల్బీ ప్రో లాజిక్ మోడ్ ఉంటే అందులో పెట్టండి. ఆ డీకోడర్ రెండు చానళ్లలో ఒకేలా ఉన్నదాన్ని సెంటర్‌కి, ఉల్టాగా ఉన్నదాన్ని వెనక స్పీకర్లకి పంపిస్తుంది. గొంతు వెనక నుంచి వస్తే, సిగ్నల్ రిసీవర్‌లోకి రాకముందే తిరగబడింది. సెంటర్‌లోనే చక్కగా వస్తుంటే, మీ తప్పు రిసీవర్ తర్వాత, స్పీకర్ వైర్లలో ఉంది.

ఇవన్నీ అయ్యాకే సబ్. సబ్ వెనక లో పాస్ నాబ్‌ని (పై శబ్దాల్ని కోసేది) పూర్తిగా పైకి తిప్పండి, లేదా ఎల్‌ఎఫ్‌ఈ (సబ్ తనంతట కోయని స్థానం) అని ఉంటే అందులో పెట్టండి. 80 దగ్గర కోసే పని రిసీవర్ చేస్తోంది, సబ్ కూడా కోస్తే రెండుసార్లు ఆలస్యం పేరుకుని ఫేజ్ గందరగోళమవుతుంది. ఫేజ్ స్విచ్ 0లో పెట్టి ఆటో సెటప్ మళ్లీ మొదటినుంచి చేయండి. లెఫ్ట్ ఉల్టాగా ఉన్నప్పుడు చేసిన పాత కొలతలు పనికిరావు. రిసీవర్ సబ్ దూరాన్ని టేపు కొలత కంటే ఎక్కువ చూపిస్తే తప్పనుకుని తగ్గించకండి. సబ్ లోపలి ఫిల్టర్లకి, డిజిటల్ ప్రాసెసింగ్‌కి కొంత సమయం పడుతుంది, ఆ ఆలస్యాన్ని రిసీవర్ దూరంగా లెక్కగడుతుంది. గాలిలో శబ్దం ఒక మిల్లీసెకనుకి దాదాపు 34 సెంటీమీటర్లు వెళ్తుంది. సబ్ మూడు మిల్లీసెకన్లు ఆలస్యం చేస్తే ఒక మీటరు ఎక్కువ కనిపించడం న్యాయమే.

ఆ తర్వాత ఫోన్‌లో ఏదైనా టోన్ జనరేటర్ యాప్‌తో 80 హెర్ట్జ్ టోన్ రిసీవర్ ద్వారా మధ్యస్థంగా పెట్టండి. మీరు సోఫాలో కూర్చోండి, స్విచ్ ఇంకొకరు మార్చాలి. సబ్ దగ్గర నిలబడి విన్నది లెక్కలోకి రాదు. ఎటు పెడితే మోత గట్టిగా ఉందో అదే మీ స్థానం. ఈసారి తేడా కచ్చితంగా తెలుస్తుంది. 80 హెర్ట్జ్ తరంగం 4.3 మీటర్లు, అంటే దారిలో రెండు మీటర్ల పైచిలుకు తేడా ఉంటే 180 డిగ్రీలు మారిపోతాయి. సబ్ సోఫా వెనక ఉన్న ఇళ్లలో 180 నెగ్గడం అందుకే మామూలు. స్విచ్ బదులు తిరిగే నాబ్ ఉంటే, గట్టిగా ఉన్న చోటు కోసం వెతకడం కష్టం, శబ్దం బాగా పడిపోయే చోటు పట్టుకోవడం తేలిక. ఫ్రంట్ రెండింటి వైర్లూ తాత్కాలికంగా తిప్పి కలిపి, నాబ్‌ని మోత అన్నిటికంటే తగ్గే చోట ఆపి, వైర్లు మళ్లీ యథాస్థానంలో పెట్టండి. వైర్లు మార్చే ప్రతిసారీ రిసీవర్ ఆపాలి.

అప్పటికీ సోఫాలో ఏదో ఒక లోతైన స్వరం మాత్రమే మాయమవుతుంటే అది గది వల్ల. నాలుగు మీటర్ల పొడవున్న గదిలో దాదాపు 43 హెర్ట్జ్ దగ్గర కదలకుండా నిలబడిపోయే తరంగం (స్టాండింగ్ వేవ్) ఏర్పడి, సరిగ్గా గది మధ్యలో ఆ శబ్దం చచ్చిపోతుంది. దానికి స్విచ్చూ వైర్లూ ఏమీ చేయలేవు. సోఫాని ఒక అడుగు వెనక్కో ముందుకో జరిపి, ఆటో సెటప్ ఇంకోసారి నడపండి.